అడుగున పోయిన బలం

నేను ఒక పొడుగు కాళ్ల మోటారు సైకిల్‌ని. రోడ్డు అయిపోయాక కూడా ముందుకు పోవడానికి తయారైన జాతి మాది. ఎత్తైన సీటు, వెడల్పాటి హ్యాండిల్, రెండు సిలిండర్ల ఇంజను. మామూలు బళ్ల మధ్య నిలబెడితే మేకల మందలో ఒంటెలా కనిపిస్తాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. నా మీదకు కాలెత్తి ఎక్కలేక ఆయాసపడ్డ వాళ్లందరూ అన్న మాటే.

పుట్టగానే నన్ను రోలర్ల మీదికెక్కించి, పట్టీలతో బిగించి, ఉన్నచోటే పరుగెత్తించారు. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి హార్స్‌పవర్‌ది. ఇంజను జోరుగా తిరిగే కొద్దీ పైకి పోయే గీత అది. రెండోది టార్క్‌ది, అంటే చక్రాన్ని పట్టి తిప్పే బిగువుది. నాలో ఆ రెండో గీత మొదట్లోనే లేచి, చాలా దూరం బల్లపరుపుగా సాగింది. నన్ను రూపొందించిన వాళ్లు కావాలనే అలా చేశారు. పైన కొన్ని గుర్రాలను వదులుకుని అడుగున ఎద్దు బలం ఇచ్చారు. రాళ్లలో, బురదలో, కొండ ఎక్కేటప్పుడు ఆదుకునేది ఆ బలమే. కానీ షోరూముకు వచ్చిన వాళ్లంతా ఎన్ని హార్స్‌పవర్ అనే అడిగారు. కంటికి కనపడని గుర్రాలను లెక్కపెట్టుకోవడం మనుషులకు సరదా.

విశాఖపట్నంలో రక్తపరీక్షల ల్యాబు నడిపే ఉదయభాస్కర్ నన్ను కొన్నాడు. మంచివాడు. పదిమందిలో చిన్నతనం మాత్రం ఓర్చుకోలేడు. కొన్నది ఆయనే అయినా నన్ను నడపడం తెలిసింది ఆయన భార్య నీలవేణికి. నర్సీపట్నం పిల్ల, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. చదువుకునే రోజుల్లోనే వాళ్ల నాన్న బండి తీసుకుని మన్యమంతా తిరిగిన మనిషి. కొండల్లో పెరిగే ఆర్కిడ్ పూలంటే ఆమెకు ప్రాణం. సెలవు దొరికితే భర్తను వెనక కూర్చోబెట్టుకుని లంబసింగి, చింతపల్లి, సీలేరు వైపు బయలుదేరేది.

మొదటిసారి ఘాట్ ఎక్కుతున్నప్పుడు భాస్కర్ వెనక నుంచి, "ఇంకొంచెం రేజ్ చెయ్యి వేణీ, ఆగిపోద్దేమో" అన్నాడు.

"దీన్ని అదిలించక్కర్లేదండీ. ఊరికే అడిగితే చాలు, ఎక్కేస్తుంది" అంది నీలవేణి.

సెకండ్ గేరులో వేసి, క్లచ్ మెల్లగా వదిలి, వేళ్లతో నన్ను అడిగేది. నేను ఎక్కేవాణ్ణి. పుట్టినప్పుడు తెర మీద కనబడ్డ ఆ రెండో గీతకు అర్థం నాకు ఆమె చేతుల కిందే తెలిసింది. నా బతుకులో మంచి రోజులంటే అవే.

భాస్కర్‌కు ఆదివారం పొద్దున్న వేరే లోకం ఉండేది. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా పోయి, ఇడ్లీలు తిని తిరిగొచ్చే స్నేహితుల గుంపు. అందులో ఒకాయన నాకన్నా గుర్రాలెక్కువున్న బండి కొన్నాడు. ఖాళీ రోడ్డు మీద నన్ను దాటిపోయి, ముందు ఆగి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏం భాస్కరూ, మీ ఆవిడ బండేనా? కొండలెక్కడానికి బావుంటదిలే" అన్నాడు. అందరూ నవ్వారు. భాస్కరూ నవ్వాడు. హ్యాండిల్ మీద ఆయన పట్టు బిగుసుకోవడం మాత్రం నాకు తెలిసింది.

ఆ నెలలోనే నన్ను ఊరి బయట ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. పొగగొట్టం మార్పించాడు. ఇంజనుకు పెట్రోలు పోయించే కంప్యూటర్‌లో లెక్కలు తిరగరాయించాడు. చెయిన్‌ను లాగే ముందు పళ్లచక్రం తీయించి పెద్దది వేయించాడు. మళ్లీ రోలర్ల మీద పరుగెత్తించారు. హార్స్‌పవర్ గీత బాగా పైకి లేచింది. షెడ్డువాడూ భాస్కరూ చేతులు కలుపుకున్నారు. కింద టార్క్ గీత మొదట్లోనే గుంటపడి ఉంది. దానివైపు ఎవరూ చూడలేదు. పెరిగిన దాన్ని చూసుకునేటప్పుడు తరిగిన దాని మీదికి మనుషుల చూపు పోదు.

మరుసటి ఆదివారం భీమిలి దారిలో ఆ స్నేహితుణ్ణి దాటేశాడు. ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ స్నానం చేశాడు. చేయించిన పని సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే, బాగున్నదాన్ని ఎందుకు కెలికించారని అడుగుతుందని తెలుసు.

వానలు వెనకబట్టాక, పూలు విచ్చే కాలమని నీలవేణి ప్రయాణం పెట్టింది. లంబసింగి ఘాట్ మీదే ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏదో తేడాగా ఉందండీ. కింద పికప్ లేదు."

"సర్వీసు చేయించాను కదా. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు భాస్కర్.

ఆయన మాట నమ్మి గేరు తగ్గించి నడిపింది. తారురోడ్డు కాబట్టి గడిచిపోయింది. చింతపల్లి దాటాక, సీలేరు దారిలో పక్కకు చీలి ఒక గూడేనికి పోయే మట్టిబాట పట్టింది. ఆ పైన పనసచెట్టు కొమ్మకు పట్టుకున్న ఆర్కిడ్‌ను ఆమె ఏటా చూసి వచ్చేది. ఒకచోట బాట నిట్టనిలువుగా లేచి మలుపు తిరుగుతుంది. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. అంతకుముందు చాలాసార్లు ఎక్కిందే.

"మీరు దిగి నడిచి రండి. నేను ఎక్కించేస్తాను" అంది.

భాస్కర్ దిగాడు. నా పక్కనే నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను.

"కాస్త గట్టిగా ఇవ్వు వేణీ" అన్నాడు, అంతే.

"నాకు తెలుసు లెండి."

ఎప్పటిలాగే క్లచ్ మెల్లగా వదిలింది. ఎప్పటిలాగే అడిగింది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. మలుపు మధ్యలో ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. బ్రేకు పట్టినా బురదలో చక్రాలు నిలవలేదు. వెనక్కి జారాను. ఆమె కాలు ఆనించబోయిన చోట నేల లేదు. నా బరువంతా ఆమె కుడికాలి మీద పడింది. మోకాలు రాయికి కొట్టుకున్న చప్పుడు, కింద ఉన్న భాస్కర్‌కు కూడా వినబడి ఉంటుంది.

గూడెం వాళ్లు పరుగున వచ్చి నన్ను ఎత్తారు. ఆమెను మంచం మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోశారు. నొప్పితో పళ్లు బిగబట్టి కూడా ఆమె అంటున్న మాట ఒక్కటే. "నాదే తప్పండీ. చెయ్యి తప్పింది నాది."

భాస్కర్ మంచం పట్టె పట్టుకుని నడుస్తున్నాడు. అప్పుడూ చెప్పలేదు. ఆస్పత్రిలో చెప్పలేకపోయాడు. కట్టు విప్పాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ మాట బరువెక్కుతూ పోయింది.

మోకాలు ఏడాది తిరిగేలోపు నయమైంది. ఒకరోజు ఆమె నా దగ్గరికొచ్చి, సీటు మీది దుమ్ము చేత్తో తుడిచి, ఎక్కకుండానే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వంటింట్లోంచి ఆమె గొంతు వినబడింది. "ఇంక నాకొద్దండీ బండి. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. నాతో పాటు మిమ్మల్ని కూడా పడేసేదాన్ని."

భాస్కర్ ఏం జవాబు చెప్పాడో నాకు వినబడలేదు. వారంలోపు నన్ను అమ్మేశాడు. నన్ను చూసి ఆవిడ బాధపడుతుందని అందరికీ చెప్పాడట. నన్ను చూడలేనిది ఆయన.

కొన్నది చింతపల్లి పశువుల డాక్టర్ దానియేలు. గూడేలకు తిరగడానికి ఇలాంటి బండే కావాలనుకున్నాడు. మొదటి వారమే నా జబ్బు కనిపెట్టాడు. కంపెనీ లెక్కలు మళ్లీ ఎక్కించి, పళ్లచక్రం పాత సైజుది వేయించాడు. పైన గుర్రాలు పోయాయి, అడుగున ఎద్దు తిరిగొచ్చింది. ఆ తర్వాత మందుల పెట్టె కట్టుకుని ఆయనతో ఎక్కని కొండ లేదు.

కొన్నేళ్ల తర్వాత లంబసింగిలో ఒక టీకొట్టు ముందు నన్ను నిలిపి డాక్టర్ టీ తాగుతున్నాడు. ఒక కారు వచ్చి ఆగింది. దిగింది నీలవేణి. నంబరు చూడకముందే, ఆనాడు రాయి గీసుకుని ట్యాంకు మీద పడ్డ గీత చూసి నన్ను పోల్చుకుంది.

"ఇది మా బండేనండీ ఒకప్పుడు" అంది డాక్టర్‌తో, నవ్వుతూ.

"అవునా మేడం? బంగారం లాంటి బండి. కాకపోతే నా చేతికొచ్చినప్పుడు కింద లాగుడే లేదు. ఎవరో స్పీడు కోసం అన్నీ మార్పించేశారు. అలాంటి బండితో ఈ కొండలెక్కితే మనిషి పడిపోడూ? అందుకే మళ్లీ కంపెనీ సెట్టింగు పెట్టించేశాను."

నీలవేణి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. భాస్కర్ రెండు టీ గ్లాసులు పట్టుకుని వస్తున్నాడు. ఆ మాటలు విన్నాడు. నడక ఆపేశాడు.

"మీరు మార్పించారా?" అని అడిగింది ఆమె.

"చెబుదామనే అనుకున్నాను వేణీ."

"ఎప్పుడు?"

ఆయన చేతిలో టీ ఒలికి వేళ్లు కాలుతున్నా గ్లాసు దించలేదు.

"ఇన్నేళ్లు నా చెయ్యే అనుకున్నాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. టీకొట్టు ఆవిడ తలెత్తి చూసి, మళ్లీ పాలు కలుపుకుంది.

ఏం జరిగిందో డాక్టర్‌కు కొంత అర్థమైనట్టుంది. తాళం తీసి ఆమెకిచ్చాడు. "ఒక రౌండు వేసి రండి మేడం. ఇప్పుడు బాగా లాగుతుంది."

ఆమె ఎక్కింది. స్టార్ట్ చేసింది. ఆ వేళ్లను గుర్తుపట్టాను. ఎదురుగా రోడ్డు పైకి లేచి ఉంది. నా దగ్గర ఇప్పుడు ఆమెకు ఇవ్వాల్సిందంతా ఉంది. మెల్లగా వదిలితే చాలు.

ఆమె క్లచ్ సగం దాకా వదిలి, మళ్లీ బిగించి పట్టుకుంది. ఇంకోసారి చూసింది. తప్పు తనది కాదని ఆమెకు తెలిసింది గానీ, ఇన్నేళ్లు భయం నేర్చుకున్న చేతికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. ఇంజను ఆపేసింది.

"ఇంజను చాలా బావుందండీ" అని డాక్టర్‌కు తాళం ఇచ్చేసింది.

భాస్కర్ కారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె వెనక తలుపు తీసుకుని కూర్చుంది. కారు మెల్లగా దిగువకు వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఒక ఆవు ఈనలేక అవస్థపడుతోందని కబురొస్తే, డాక్టర్ నన్ను సీలేరు దారిలోని ఆ గూడేనికే నడిపించాడు. వాన పడి రాళ్లు తేలి ఉన్నాయి. ఆయన క్లచ్ వదలగానే మలుపు ఎక్కేశాను. దగ్గలేదు, జారలేదు. అంత తేలికైన ఎత్తు అది. అది ఎంత తేలికో తెలిశాక, ఆ దారిన పోయినప్పుడల్లా నాకు బాధేస్తుంది.