కర్రోని కడుపు

పొద్దున్నే వాకిలి కూడా ఊడవకముందే యశోద కుక్క వెనకాల బయలుదేరేది. కర్రోడు ముందు, ఆమె వెనక. గల్లీ చివరి ఖాళీ ప్లాటు దాకా ఆగుతూ ఆగుతూ పోయేవాళ్లు. వాడు గడ్డి వాసన చూసి, గుండ్రంగా తిరిగి, నడుము వంచి కూర్చునేవాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "కానియ్యిరా, జెర కానియ్యి" అని బతిమాలేది. వాళ్లు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్లంతా గేట్ల దగ్గర నిలబడి ఆమె ముఖం కేసే చూసేవాళ్లు.

"అయిందా యశోదా?"

అయిందంటే ఆ రోజు గల్లీకి ఏ లోటూ ఉండదు. కాలేదంటే అన్నీ బిగుసుకుపోయేవి. నల్లా తిప్పితే చుక్క రాదు. సిలిండర్ నిండుగా ఉన్నా పొయ్యి అంటుకోదు. గేటు గడియలు కదలవు. వాట్సాప్ మెసేజ్ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. ఆ గల్లీలో ఇల్లు కిరాయికిచ్చేవాళ్లు నల్లా ఎప్పుడొస్తుందో, కరెంటు మీటరు ఎక్కడుందో చెప్పి, కర్రోని సంగతి కూడా చెప్పేవాళ్లు. వచ్చినవాళ్లు సరేనని సామాను దింపుకునేవాళ్లు.

కర్రోడు వయసులో ఉన్నప్పుడు ఈ బాధ లేదు. ఇప్పుడు వాని మూతి నెరిసింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. ఎండలో పడుకోవడం తప్ప నడక లేదు, నీళ్లు ముట్టడు. యశోద ముందుగదిలో మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్ కుట్టేది. కర్రోని కడుపు కదలని రోజు మిషన్ సూది గుడ్డలో దిగి మళ్లీ పైకి రాదు. ఆమె భర్త స్వామి ఆటో స్టార్ట్ కాదు. తిట్లు మాత్రం అన్ని ఇళ్ల నుంచీ ధారాళంగా వచ్చేవి.

ఒక ఆదివారం మరీ ఘోరం జరిగింది. ఎదురింటి వజీరా కూతురు అంబ్రీన్‌ను చూడటానికి రామాయంపేట నుంచి పిల్లవాడి వాళ్లు కారులో వచ్చారు. గేటు తెరుచుకోలేదు. వజీరా భర్త గులాం మొహియుద్దీన్ లోపలి నుంచి గుంజాడు, వచ్చినవాళ్లు బయటి నుంచి నెట్టారు. ఎండలో నిలబడి నిలబడి పిల్లవాడి తండ్రి ముఖం ఎర్రబడింది. ఇంకో ఆదివారం వస్తామని గోడ మీది నుంచే చెప్పి కారెక్కాడు.

ఆ కారు మలుపు తిరగ్గానే వజీరా గోడ మీది నుంచి యశోదను పిలిచింది.

"యశోదా, నీకు దండం పెడ్త. వచ్చే ఐతవారం మళ్లొస్తరు. అప్పటికి నీ కుక్క కడుపు సాఫ్ గాకుంటే నేనే వాన్ని నర్సాపూర్ అడవిల ఇడిసి పెట్టొస్త, ఎరుకేనా?"

"నేనేం జెయ్యాలె ఆపా? వాని కడుపుల చెయ్యి పెట్టి గుంజన్నా?"

"నాకెందుకు? గుంజు!"

యశోద తలుపు దభాలున వేద్దామనుకుంది. తలుపు కూడా బిగుసుకుని సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు కర్రోన్ని ఆటోలో పడుకోబెట్టి, స్టార్ట్ కాని ఆటోను స్వామితో గల్లీ దాటేదాకా నెట్టించి, పశువుల దవాఖానకు తీసుకుపోయింది. మమత డాక్టరమ్మ వాని పొట్ట నొక్కి చూసింది.

"ఏం పెడ్తున్నరు?"

"పెరుగన్నం మేడం. అప్పుడప్పుడు గుడ్డు."

"బొక్కలు? అవి పెడ్తే కడుపు ఇంకా బిగుస్తది."

"అస్సలు పెట్టం," అన్నాడు స్వామి గోడ మీది క్యాలెండర్ చూస్తూ.

"ముసలోడైండు. పేగు మెల్లగ కదుల్తది. వీనికి పీచు పడాలె," అంది డాక్టరమ్మ. "గుమ్మడికాయ ఉడకబెట్టి మెత్తగ పిసకండ్రి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ఏదొద్దు. మొదలు ఒక్క చెంచా, అన్నంల కలిపి. కడుపుకు పడ్తుందా చూసి కొద్దికొద్దిగ పెంచుండ్రి. నీళ్లు మస్తు తాగాలె, లేకుంటే పీచే అడ్డం పడ్తది. పొద్దుమాపు నడిపియ్యుండ్రి. తొందరపడి ఒక్కసారే పెట్టకుండ్రి."

"పెడ్తే ఏమైతది మేడం?"

"మీ గల్లీ సంగతి నాకెరుకే కదమ్మా. అందుకే చెప్తున్న."

రాందాస్ చౌరస్తాలో గుమ్మడికాయ కొని యశోద ఆశగా ఇంటికొచ్చింది. గ్యాసు అంటుకోక వాకిట్లో కట్టెల మీద ఉడకబెట్టింది. పిసికింది. అన్నంలో కలిపి కర్రోని ముందు పెట్టింది. వాడు వాసన చూసి, ఆమె ముఖం చూసి, తినడం మొదలుపెట్టాడు. ఆమె సంతోషంగా లోపలి పనికి పోయింది. వచ్చి చూస్తే గిన్నెలో ఒక్క మెతుకు లేదు. గుమ్మడి గుజ్జు మాత్రం ఒక పక్కకు ముద్దగా నెట్టి ఉంది. ముసలి మూతితో ఎట్లా వేరు చేశాడో ఆమెకు అర్థం కాలేదు.

మరునాడు పెరుగులో కలిపింది. పెరుగు నాకి గుజ్జు వదిలేశాడు. చేతిలో పెట్టుకుని నోట్లో కుక్కబోతే పళ్లు బిగించి తల తిప్పుకున్నాడు, అచ్చం స్వామి గోలీ వేసుకోనప్పటిలాగే. నీళ్ల గిన్నెను మంచం పక్కన, గడప పక్కన, చెట్టు కింద పెట్టి చూసింది. గిన్నె మీద వాలిన పిచ్చుకలు తాగాయి గానీ వాడు తాగలేదు.

"ఏం పాపం జేసిన్రా నీకు?" అని వాని ముందే కూలబడి ఏడ్చింది. కర్రోడు వచ్చి ఆమె చెయ్యి నాకాడు. అది ఇంకా కోపం తెప్పించింది. మంచితనానికి లోటు లేదు, మింగమంటే మాత్రం మింగడు.

ఆ వారమంతా గల్లీ బిగుసుకునే ఉంది. పాలప్యాకెట్ కోస్తే పాలు జారలేదు. ఫాల్ చీరలు గుట్టగా పేరుకున్నాయి. దారిన పోయేవాళ్లు కర్రోన్ని చూసి పళ్లు నూరారు. శనివారం పొద్దున ప్లాటు నుంచి ఉత్త చేతులతో తిరిగొస్తుంటే వజీరా గేటు సందులోంచి ఒక డబ్బా అందించింది. గేటు అంతకన్నా తెరుచుకోలేదు.

"ఇసబ్‌గోల్ పొట్టు. కడుపు సాఫ్ గావాలని మా ఆయనకు తెచ్చిన. నీళ్లల్ల నానబెట్టి పెట్టు. రేపు వాళ్లొస్తున్నరు యశోదా. నాకు భయమైతుంది."

ఆ మాటలో తిట్టు లేదు. యశోదను ఆ భయమే తరిమింది. సాయంత్రం వాకిట్లో మళ్లీ కట్టెలు అంటించి, మిగిలిన గుమ్మడికాయంతా ఉడికించింది. క్యారెట్లు, బీన్సు వేసింది. డబ్బాలోని పొట్టు సగం నీళ్లలో నానబెట్టి కలిపింది. పైన గుడ్లు చిదిమి, వాసనకు చికెన్ ఉడికించిన నీళ్లు పోసింది. డాక్టరమ్మ చెప్పిన చెంచా గుర్తుంది. గుర్తుండే గిన్నె నింపింది. కర్రోడు గుడ్డు వాసనకు మోసపోయి అంతా తిని, జీవితంలో మొదటిసారి గిన్నెడు నీళ్లు తాగాడు.

ఆదివారం పొద్దున వాడు ప్లాటు దాకా కూడా ఆగలేదు. గడపలో, గల్లీలో, కరెంటు స్తంభం దగ్గర, మళ్లీ గడపలో. యశోద బకెట్లతో వెనక పరిగెత్తింది. నల్లాలన్నీ ఒక్కసారిగా దూకాయి. తిప్పినా కట్టేసినా ఆగవు. దండెం ముడులు ఊడి బట్టలు నేలన పడ్డాయి. మిషన్‌లోని దారం ఉండ దానంతటదే విడిపోయి వాకిలి దాటింది. పాలు పొయ్యి మీద పెట్టకుండానే పొంగాయి. మనుషుల నోళ్లకు కూడా గడియ పోయింది.

"రోజూ చికెన్ దుకాణం నుంచి బొక్కలు తెచ్చి పెడ్తున్ననే," అన్నాడు స్వామి, అడగకుండానే. "వాడట్ల చూస్తుంటే పానం ఊకుంటలేదు."

"నువ్వా! నేను వారం నుంచి ఏడుస్తుంటే నువ్వా!" యశోద చీపురు ఎత్తింది. సరిగ్గా అప్పుడే కారు గల్లీలోకి వచ్చింది. వజీరా గేటు ముట్టుకోకముందే బార్లా తెరుచుకుంది.

యశోద చీపురు వదిలేసి ఎదురింటి వాకిట్లోకి పరిగెత్తింది. కనీసం వాళ్ల నల్లాకైనా గుడ్డ చుట్టి కట్టేద్దామని. తలుపు తీసే ఉంది. లోపల కుర్చీల్లో పిల్లవాడు అసద్, వాని తల్లిదండ్రులు. ఎదురుగా మొహియుద్దీన్, వజీరా, రెండు వరసల మధ్యలో, వచ్చినవాళ్లు తనకు ఎడమవైపు ఉండగా, తల వంచుకుని అంబ్రీన్.

"మావోడు హైదరాబాద్‌ల ఏసీ కంపెనీల సూపర్‌వైజరు..." అని అసద్ తండ్రి మొదలుపెట్టాడు, "...ఉండె. ఇప్పుడు లేడు." అని, తన నోటిని తనే చేత్తో మూసుకున్నాడు.

"నేను చెప్తా అబ్బా," అన్నాడు అసద్ తండ్రితో. "ఉద్యోగం పోయింది అంకుల్. రామాయంపేట బస్టాండ్ పక్కన షెడ్డుల ఫ్రిజ్జులు రిపేర్ చేస్తున్న. నాకా పనే ఇష్టం. చెప్పొద్దన్నరు ఇంట్ల. అందుకే పోయినసారి మీ గేటు తెర్సుకోకుంటే లోపల్లోపల ఖుష్ అయిన."

మొహియుద్దీన్ నిటారుగా కూర్చున్నాడు. వజీరాకు కోపం రావలసింది. కానీ ఆమె తన నోట్లోంచి వస్తున్నదాన్ని ఆపుకోలేక దుపట్టా కుక్కుకుంటోంది. యశోదకు తెలుసు అదేమిటో. గల్లీకంతా తెలుసు. సంబంధాలు మాట్లాడేటప్పుడు ఎవరూ ఎత్తని మాట అది.

"వద్దు అమ్మీ, నేను చెప్తా," అంది అంబ్రీన్, తల ఎత్తి. "నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది. మీరు ఆ దిక్కే కూసున్నరు. అందాజకు తలూపుతున్న. మీరు అడిగినయి సగం నాకు తెలువనే తెలువదు."

వాకిట్లో నల్లా ఒక్కటే మోగుతోంది. వజీరా కళ్లు మూసుకుంది. నల్లా చుట్టూ గుడ్డ పట్టుకుని నిలబడిన యశోద ముడి వేయడమే మరిచిపోయింది. తన గిన్నె వల్లనే ఇదంతా. ఒక్క చెంచా పెట్టమంటే వినలేదు.

అసద్ లేచాడు. పోతున్నాడనుకుని అతని తల్లి కూడా సగం లేచింది. అతను కుర్చీ చేత్తో ఎత్తుకుని, అందరి మోకాళ్లు దాటుకుంటూ చుట్టూ తిరిగి, అంబ్రీన్ కుడి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"కంప్రెసర్ల పక్కన పనిజేసి గట్టిగ మాట్లాడుడే అలవాటైంది. ఇంట్ల తిడ్తరు," అన్నాడు. "ఇప్పుడు వినపడ్తుందా?"

"వినపడ్తుంది. గంత గట్టిగ అక్కెర్లేదు."

ముందు నవ్వింది అసద్ తల్లి. తర్వాత మొహియుద్దీన్ ఇంకోసారి చాయ్ పెట్టమన్నాడు. వజీరా దుపట్టా నోట్లోంచి తీసి, వాకిట్లో తడిసి ముద్దయిన యశోదను అప్పుడే చూసినట్టుగా చూసింది.

"నిలబడినవేంది? నువ్వు గూడ తాగిపో."

"గల్లీ కడగాలె ఆపా," అంది యశోద విసుగ్గా. చాయ్ మాత్రం నిలబడే తాగింది.

కర్రోడు కుదుటపడటానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఈసారి యశోద చెంచాతోనే మొదలుపెట్టింది. స్వామి బొక్కలు మానేశాడు, మానలేక మానేశాడు. అడపాదడపా గడియలు ఇప్పటికీ బిగుస్తాయి, ఆమె ఇప్పటికీ తిడుతుంది.

రంజాన్‌కు ముందే నిఖా అయింది. అంబ్రీన్ ఇప్పుడు రామాయంపేటలో ఉంటుంది, మధ్యాహ్నాలు షెడ్డుకు అన్నం తీసుకుపోతుంది. ఫ్రిజ్జులు మోగుతుండగా ఆమెకు ఏదైనా చెప్పాలంటే అసద్ పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమె కుడిపక్కకు నడిచి వస్తాడు.