ఎగుడుదిగుడు గాట్లు

మరిదికి బెల్టుల గురించి తెలిసిందల్లా వాటిని నడుముకు పెట్టుకోవడమేనని ఆవిడ గట్టి నమ్మకం. అలాంటివాడు, మోటారు నుంచి ఫ్యానుకు శక్తిని మోసుకెళ్ళే బెల్టులు తయారుచేసే కంపెనీలో డిజైను విభాగానికి పెద్ద. ఆవిడ అతని కింద డిజైనరు.

అతన్ని అక్కడ చేర్పించింది కూడా ఆవిడే. ఖాళీగా తిరుగుతున్నాడు, కాస్త చూడమని ఇంటిల్లిపాదీ పోరు పెడితే, సరే కదా అని పైవాళ్ళ చెవిన వేసింది. వచ్చినవాడు ఒక్క గీత గీయలేదు, ఒక్క బెల్టు బిగించలేదు. నోటి చలవతోనే ఎదిగి ఆవిడ నెత్తికెక్కి కూర్చున్నాడు. ఇంట్లో "వదినా, కాఫీ" అంటాడు. ఆఫీసులో "మేడం, రిపోర్టు" అంటాడు. రెండూ ఒకే గొంతుతో.

ఆస్పత్రులకు గాలి పంపే పెద్ద ఫ్యాన్లు చేసే కంపెనీ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. బెల్టు ఎడతెగకుండా ఈల వేస్తోంది, రోగులకు కంటిమీద కునుకు లేదు అని. ఆవిడ ఆస్పత్రికి వెళ్ళి, వార్డులో కుర్చీ వేసుకుని కూర్చుంది. మోత పెద్దదేం కాదు. సన్నగా, పంటి సందులో ఇరుక్కున్న పీచులా వేధించే మోత. పక్క మంచం మీది ముసలాయన దిండు చెవికి అదుముకుని, "దీన్ని ఆపేవాళ్ళే లేరా అమ్మా?" అని అడిగాడు.

తిరిగొచ్చి పనిలో పడింది. పుల్లీ మీద సులువుగా వంగడానికి ఆ బెల్టు లోపలివైపు వరసగా గాట్లు ఉంటాయి. సమానమైన ఎడంతో ఉన్న గాట్లు పుల్లీకి ఒకే తీరున తగులుతుంటే, ఆ తాకిళ్ళన్నీ కలిసి ఒకే స్వరమవుతాయి. అదే ఈల. ఆవిడ ఆ వరసను చెదరగొట్టింది. ఒక గాటు దగ్గరగా, ఇంకొకటి దూరంగా, ఏ రెండు ఎడాలూ పక్కపక్కన ఒకేలా ఉండకుండా అమర్చింది. కొన్ని అచ్చులు చెడిపోయాయి, కొన్ని బెల్టులు తెగాయి. చివరికి కుదిరింది. ఈల పోయి, ఎండుటాకులు కదిలినట్టు మెత్తటి గలగల మిగిలింది.

"మోత కొలిచే మీటరు ఎంత చూపిస్తోంది మేడం?" అన్నాడు మరిది.

"పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు సార్. మోత అంతే ఉంది, కానీ ఒకేచోట గుచ్చుకోదు, పరుచుకుంటుంది."

"అంటే తగ్గలేదన్నమాట."

"ఒకసారి చెవితో వినండి."

"చెవిదేముంది మేడం, అందరికీ ఉండేదేగా."

ఉంటుంది, కొందరికి కళ్ళజోడు తగిలించుకోవడానికి, అనుకుంది ఆవిడ.

ఫ్యాన్ల కంపెనీ షెడ్డులో బెల్టు చూపించే రోజు వచ్చింది. మరిది కొత్త కోటు తొడుక్కొచ్చి, నిశ్శబ్దం మనిషి జన్మహక్కు అంటూ మొదలుపెట్టాడు. జుట్టు నెరిసిన వాళ్ళ మేనేజరు ఆ ఉపన్యాసాన్ని పక్కన పెట్టి, బెల్టు లోపలి వైపు వేలితో తడిమి చూశాడు.

"ఈ గాట్లేమిటి, ఎగుడుదిగుడుగా ఉన్నాయి?"

మరిది తొంగి చూశాడు. ఆ బెల్టును అతను చూడటం అదే మొదటిసారని అతని ముఖమే చెప్పింది. అయినా తడుముకోలేదు.

"తయారీలో చిన్న లోపం సార్. మీ సరుకు వచ్చేసరికి అన్నీ సమానంగా చేయించేస్తాం."

కోపం వస్తుందనుకుంది ఆవిడ. రాలేదు. పురుగు పడిన పండును కోసి చూసినప్పుడు కలిగే అసహ్యం లాంటిది మాత్రం కలిగింది.

"లోపం కాదు, నేను కావాలని పెట్టినవి. వాటిని సరిచేస్తే ఈల మళ్ళీ మొదటికొస్తుంది. సార్‌కి నా రిపోర్టు చదివే తీరిక దొరకలేదు."

మేనేజరు మీటరు వైపు చూశాడు. "దీంట్లో తేడా కనబడటం లేదే?"

"మంచం మీద పడుకునేది మీటరు కాదు కదండీ. పాత బెల్టు వేసి, ఇక్కడే కూర్చుని టీ తాగుదాం."

పాత బెల్టు తిరిగింది. టీ వచ్చింది. ఎవరో ఏదో అడిగితే ఇంకొకరు "ఆఁ?" అన్నారు. కాసేపటికి అందరూ మాటలు మానేసి గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. మేనేజరు కణతలు నొక్కుకున్నాడు. తర్వాత కొత్త బెల్టు వేశారు. ఎవరూ చెప్పకుండానే కబుర్లు మొదలయ్యాయి. మేనేజరు తన మోకాలి నొప్పి కథ మొత్తం చెప్పుకొచ్చి, మధ్యలో ఆగి ఫ్యాను వైపు తిరిగాడు.

"ఇది నడుస్తూనే ఉందా?" అన్నాడు. "ఇదే పంపించండి. గాట్ల జోలికి మాత్రం వెళ్ళకండి."

కారు ఇంకా గేటు దాటలేదు, మరిది అన్నకు ఫోను కలిపాడు. "ఒప్పించేశాను అన్నయ్యా. మొదట్లో కొంచెం మొండికేశారు, నేను వదల్లేదు."

పక్కనే ఆవిడ కూర్చుని ఉందన్న జంకు కూడా లేదు. ఆవిడ కిటికీ అద్దం దించింది. రోడ్డు మోతే నయమనిపించింది.

మర్నాడు డైరెక్టర్ల మీటింగుకు ముందు అతను గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "వదినా, ఆ గాట్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పవా? వాళ్ళు అడుగుతారు."

"రెండు ముక్కల్లో చెప్తే నీకు అర్థం కాదు. మొత్తం చెప్పే ఓపిక నాకు లేదు. మీటింగుకి నేనే వస్తా. నువ్వు తెర మీద బొమ్మలు తిప్పు."

తిప్పాడు. అందులోనూ రెండుసార్లు తప్పాడు. డైరెక్టర్లు ప్రశ్నలన్నీ ఆవిడనే అడిగారు. అతను అంతా తనకు ముందే తెలిసినట్టు ప్రతిదానికీ తల ఊపాడు.

బెల్టులు ఆస్పత్రులకు వెళ్ళాయి, ఫిర్యాదులు ఆగిపోయాయి. డిజైను విభాగం ఆవిడకు అప్పగించి, మరిదిని అమ్మకాల వైపు మార్చారు. బెల్టు గురించి తెలియకపోయినా అక్కడ ఎవరూ పట్టించుకోరు. అతను దాన్ని పెద్ద ప్రమోషన్ అనుకుని ఇంటికి స్వీట్లు తెచ్చాడు.

"వాడిలో ఏదో ఉందని నేను ముందునుంచీ అంటూనే ఉన్నా" అన్నాడు ఆవిడ భర్త మురిసిపోతూ.

"ఉందిలెండి. ఇప్పటికి దానికి తగ్గ చోటు దొరికింది" అని ఆవిడ ఒక స్వీటు నోట్లో వేసుకుని, ఇంకోటి అందుకుంది.