పేరడిగిన తెర

తాడిపత్రిలో బండల పాలిషు దుమ్ము ఇంటింటికీ వస్తుంది. దాన్ని తుడవడం ఎవరి వంతో ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. హేమావతి వంటగట్టు తుడిచి, పొడిగుడ్డ తీసుకొని ముందుగదిలోని కంప్యూటరును తుడిచింది. రేపు అది పొదుపు సంఘానికి పోవాలి. అందులో ఉన్న, డబ్బు పెట్టి కొనక్కర్లేని లినక్స్ సాఫ్ట్‌వేరును, ఇంగ్లీషు రాని ఆడవాళ్లు సైతం నడుపుకొనేలా, ఏడాదిగా కుక్కరు కూతకూ కూతకూ నడుమ ఆమే తెలుగు చేసింది. పోపుడబ్బాలో దినుసుల్లా, దినమూ నొక్కవలసిన బొమ్మలను మాత్రమే తెరమీద ఉంచి తక్కినవి అటకెక్కించింది. ఆ పనంతా అదే కంప్యూటరులో, కంప్యూటరు కొట్టు నడిపే భర్త గిరి పేరు కొడితే తెరుచుకొనే ఖాతాలో ఉంది. రేపు సంఘం ముందు 'నేనే తెలుగు చేసినాను' అని చెప్పబోయేదీ అతనే. "ఊరికే వచ్చే లినక్స్‌కు ఊరికే చేసే మనిషి దొరికినాది" అని స్నేహితుల ముందు అతను నవ్విన నవ్వు ఆమె పంటికింద ఇసుకలా ఇంకా కరకరలాడుతోంది.

ఒకసారి పరీక్షించి చూద్దామని సంఘం లీడరు నారాయణమ్మను పిలిచి కూర్చోబెట్టింది. లోపలికి పోనిచ్చే ముందు తెర 'వాడుకరి పేరు' అని, అంటే వాడే మనిషి పేరు, అడిగింది. నారాయణమ్మ కూడబలుక్కొని చదివి, చేతులు వెనక్కు తీసుకొంది.

"ఏమక్కా, అక్షరాలు కనపడలేదా?"

"కనపడతాండాయిలేమ్మా. మా ఇంటాయన పేరు నేనెట్ల చెప్పేది? పిల్లోల్లనెవరినన్నా పిలువు, వాళ్లు కొడతారు."

"ఆయన పేరు ఎవరడిగినారక్కా? నీ పేరు!"

"నా పేరుతో దానికేం పని? రేషను కార్డు కాడ్నుంచి యాడికి పోయినా అడిగేది ఆయన పేరే కదమ్మా!" నారాయణమ్మ పకపకా నవ్వింది.

హేమావతీ నవ్వింది. నారాయణమ్మ వెళ్లాక మాత్రం ఒకచోట కూర్చోలేకపోయింది. పొయ్యి దగ్గరికి పోయి, కలపవలసిన పనిలేని పప్పును కలిపి, మళ్లీ వచ్చింది. నారాయణమ్మకు నోరు రాలేదు, సరే. ఎమ్మే చదివిన తనకో? ఏడాదిగా ప్రతి ఉదయం ఇదే తెర ముందు, రవ్వంతైనా తడబడకుండా, 'గిరి' అని కొట్టి లోపలికి వెళ్లింది తాను. నారాయణమ్మ కనీసం ఆగింది.

తెరమీది 'వాడుకరి పేరు' అన్న రెండు మాటలూ తీసేసి, 'మీ పేరు రాయండి. ఇంటాయనది కాదు, మీది' అని పెట్టింది. పెట్టిందాన్ని తానే చదువుకొంది. తరువాత తన పేరున కొత్త ఖాతా తెరిచి, చేసిన పనంతా అందులోకి మార్చుకొంది.

సాయంత్రం గిరి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా కుర్చీ లాక్కొని, అలవాటుగా తన పేరు కొట్టాడు. తెరంతా ఇంగ్లీషు.

"ఏమే, తెలుగంతా యాడికి పోయినాది?"

హేమావతి వంటింట్లోంచి లేచి రాలేదు.

"ఆడనే ఉండాది. చేసినోళ్ల పేరు కొట్టండి, వస్తాది."