ఫ్యాను అడిగినందుకు పరీక్ష

తోటి పనివాళ్ళంతా వదినా అని పిలిచే ఆమె మెళ్ళోంచి, అందరూ చూస్తుండగానే సూపర్‌వైజరు లైసెన్సు కార్డు తీసేశాడు.

"పరీక్షలో పాసైతే మళ్ళీ ఇస్తాం. అంతదాకా మందు ముట్టుకోకు."

ఆసుపత్రిలో కాన్సర్ మందులు కలిపే గది అది. ఆ మందుల గాలిని బయటికి లాగే ఫ్యాను చెడిపోయి చాలాకాలమైంది. లోపల పనిచేసే ఫార్మసీ టెక్నీషియన్లకు నోటినిండా పుళ్ళు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తుంది. ఫ్యాను బాగుచెయ్యమని ఫిర్యాదు పెట్టింది వదిన ఒక్కతే. పైవాళ్ళు ఫ్యాను జోలికి పోలేదు. ఆమె మనసు పనికి తగ్గట్టు ఉందో లేదో మానసిక వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోవాలని ఉత్తర్వు తెప్పించారు. వెళ్ళకపోతే లైసెన్సు దానంతటదే పోతుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లైసెన్సు మీదే.

"ఏమడిగినా లేదని తలూపి వచ్చెయ్," అన్నాడు భర్త.

పరీక్ష గదికి కిటికీ లేదు. డాక్టరు తలెత్తకుండానే అడిగాడు.

"మీకెవరో హాని చేస్తున్నారని అనిపిస్తోందా?"

అవునంటే పిచ్చిది. కాదంటే ఫిర్యాదు అబద్ధం. అబద్ధాలకోరుకు లైసెన్సు ఉంచరు. ఎటు తిరిగినా గోడే.

"అనిపించడం కాదండీ, ఫ్యాను నిజంగానే..."

"అవునా? కాదా?"

"అవును."

"అనుమానపు జబ్బు," అని రాసుకున్నాడు డాక్టరు.

మర్నాడు బట్టలు మార్చుకునే గది బయట అందరూ ఆమె చుట్టూ మూగారు.

"నీకెందుకొచ్చిన గొడవమ్మాయ్! నోరు మూసుకుంటే పోయేదిగా," అన్నాడు అందరికంటే పాతకాపు పెద్దాయన.

"నువ్వు మూసుకునే ఉన్నావుగా బాబాయ్, పుళ్ళు తగ్గాయా?" అంది గయ్యాళని అందరూ పిలిచే పిల్ల.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన నవ్వలేదు.

"మంచినీళ్ళు తాగినా మంటే," అన్నాడు మెల్లగా.

"అందరం ఆ ఫిర్యాదే పెడదాం. అందర్నీ పరీక్షకు పిలవనీ!" అంది గయ్యాళి.

"కార్డులు పోతేనో?" అన్నారెవరో.

"లైసెన్సు లేనోడు మందు కలపకూడదు. అందరివీ లాగేస్తే వీళ్ళ తాత కలుపుతాడా?"

"మరి రోగులో?" అంది వదిన. ఆమెను తినేస్తున్న భయం అదే.

"పై అంతస్తులో ఫ్యాను బాగున్న కొత్త గది తాళమేసుంది, కరెంటు ఖర్చని తెరవట్లేదు. అక్కడైతే ఈ క్షణమే కలుపుతామని రాద్దాం," అంది గయ్యాళి.

మొదటి సంతకం పెద్దాయన పెట్టాడు.

అనుకున్నట్టే అందరికీ ఉత్తర్వులొచ్చాయి. ఒక్కొక్కరే లోపలికెళ్ళారు. ఒకటే ప్రశ్న. ఒకటే జవాబు: "అవును."

డాక్టరు పెన్ను విసిరికొట్టాడు. "ఇంతమందికీ ఒకటే జబ్బా?"

"ఒకటే గది కదండీ," అంది గయ్యాళి.

సాయంత్రానికి అందరి లైసెన్సులూ ఆపేశారు. కొత్త గది తలుపు ముందు వాళ్ళు బైఠాయించారు. లైసెన్సులు తిరిగిచ్చి తాళం తియ్యమన్నారు, మందు కలుపుతామన్నారు. ఆసుపత్రి మేనేజరు తాళం తియ్యలేదు. పోలీసుల్ని పిలిచాడు.

వ్యానులోకి తోస్తుంటే వదిన వెనక్కి చూసింది. ఆసుపత్రి గుమ్మం దగ్గర మందు కోసం వరుసలో నిలబడ్డ ఒక రోగి కూతురు మేనేజరుకు అడ్డంగా నుంచుంది.

"తాళం ఎందుకు తియ్యవయ్యా? మా అమ్మ మందు కలిపేవాళ్ళను ఎక్కడికి పంపుతున్నావు?"

మేనేజరు పక్కకు తప్పుకోబోయాడు. ఆమె వెనకే వరుసంతా కదిలొచ్చింది.

వ్యాను తలుపు ధడేలున మూసుకుంది. లోపల చీకటి, ఊపిరాడని ఇరుకు. బయట గొంతులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.