ఎలుకలకు తీర్థం

నాలుగో గూట్లోంచి తడిసిన వరిపొట్టు గోకి బకెట్లో పడేశాడు వరదయ్య. ఎలుకల ఉచ్చ ఘాటుకి కొత్తవాళ్లు గుమ్మంలోనే కక్కుకుంటారు. ఆయనకు వాసన రాదు. మద్రాసు పక్కన మనలిలో ఒక రసాయనాల కంపెనీ ఆయన ముక్కును వయసులోనే చంపేసింది. ఈ మెదడు పరిశోధన సంస్థలో పని దొరకడానికి ఉన్న అర్హత అదొక్కటే. ఇరవై రెండేళ్లు కాంట్రాక్టు. పర్మనెంటు అనే మాట ఎలుకల గదిదాకా రాలేదు.

వేళ్లనిండా పాత కాట్లు. కుడి చూపుడువేలికి గోరు లేదు. నుదుటి నామం చెమటకు కరిగి ముక్కుమీదికి జారింది.

పెరుమాళ్ల నెల పురటాశిలో నాలుగో శనివారం. మాధవరం ఇంట్లో పెరుమాళ్లకు పూజ చేసి, తులసి తీర్థం ఇత్తడి చెంబులో తెచ్చాడు. భార్య పుష్పవల్లి పోయి ఏడాది దాటింది. తీర్థం పుచ్చుకునే ఇంకో చెయ్యి ఆ ఇంట్లో లేదు. ఈడ ఎనిమిది ఉన్నాయి. ఉద్ధరిణితో చెంబు అంచుమీద తట్టాడు. ణింగ్. ఎనిమిది ముక్కులు ఊచల దగ్గరికొచ్చాయి. చెవి చిరిగిన ఆరో నంబరుది ఎప్పుడూ ఆఖరు. రెండు చేతులా ఉద్ధరిణి పట్టుకుని నాకుతుంది.

వాటిని దప్పికకు ఎండబెట్టేది చదువు కోసం. నీటిచుక్క కోసం ఎలుక ఎడమ మీట నొక్కుతుందా, కుడిదా? ఆశపడ్డ చుక్క రాకపోతే మనసెలా మార్చుకుంటుంది? కంప్యూటరు ముందే లెక్కగట్టి చెప్పాలి. మెదడు నేర్చుకోవడమంటే అదేనట. దప్పిక లెక్కలో ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డ మనిషి ఏ లెక్కలోనూ లేడు.

పరిశోధకురాలు లక్ష్మీప్రియ ఆ రోజు ముందే వచ్చింది. మూడు శనివారాలుగా ఎలుకలు కంప్యూటరు చెప్పినట్టు నడవడం లేదు. మెదడులో కొత్త సంగతి కనిపెట్టానని వ్యాసం కూడా రాసి పెట్టుకుంది. చెంబు చూసి ఆగింది.

"ఎన్న వరదయ్యా అది?"

"తీర్థం మా. దప్పికతో ఉండాయి గదా, రవ్వంత పోస్తి."

"ప్రతి శనివారమా?"

"మొదటి వారం నుంచీనే మా. మీక్కూడా పోసేదా?"

ఆమె నవ్వింది. నవ్వు సగంలో తెగింది.

"నీ తీర్థాన్నా నేను మూడు వారాలు లెక్కగట్టింది!"

బయటికెళ్లి ఫోన్ చేసి వచ్చింది. "ఎనిమిదీ పాడైపోయినాయి. ఇప్పుడే గ్యాసు పెట్టేయాలి. సోమవారం కొత్తవి వస్తాయి. నువ్వు రావొద్దు."

"నేను పోతా మా. తప్పు నాది, ఈటిదేముంది? ఇడిచిపెట్టండి, ఇంటికి ఎత్తుకుపోతా."

"రూల్ లేదు. గ్యాసు పెట్టెలోకి ఎక్కించు."

వేల ఎలుకల్ని ఎక్కించిన మనిషి. తన తీర్థం తాగినవాటిని ఎప్పుడూ ఎక్కించలేదు.

"నా చేత కాదు మా."

ఆమె చెయ్యి పెడితే ఎలుకలు గూటి మూలకి నక్కాయి. ఆమె కళ్లు చెంబుమీద పడ్డాయి. ఏ ఆశ చూపిస్తే ఏ జంతువు కదులుతుందో, ఆమె చదివిన చదువే అది. గూటి తలుపును గాజుపెట్టె నోటికి ఆనించి, అవతలి వైపు నిలబడి ఉద్ధరిణితో చెంబు తట్టింది. ణింగ్. ఎలుక పరుగెత్తుకొచ్చింది. ఒక్కో గూడూ అంతే.

ఆరో నంబరు మళ్లీ ఆఖరు. గడపలో ఆగి మీసాలు ఆడించింది.

"రావొద్దే. ఆడనే ఉండు," అన్నాడు వరదయ్య.

దానికి ఆయన నేర్పింది ఆ చప్పుడొక్కటే, మాట కాదు. ణింగ్. లోపలికి వెళ్లింది.

లక్ష్మీప్రియ మూత బిగించి గ్యాసు తిప్పింది. అలవాటు చొప్పున పుస్తకంలో రాసుకుంది: పిలిస్తే వచ్చినవి, ఎనిమిదికి ఎనిమిది.

వరదయ్య బకెట్టు కడిగి బోర్లించాడు. వట్టి చేతులతో మాధవరం బస్సెక్కాడు.

గాజుమూత మీద ఉద్ధరిణి ఉంది. దాని గుంటలో ఒక తులసిరేక, కింద ఇంకా ఆరని ఒక్క చుక్క.