డ్రమ్ములు కడిగే ఇల్లు

చిట్కుల్‌లో రాధమ్మ ఇంటి కిటికీ పగలంతా మూసే ఉంటుంది. పక్కింటి అహరోను ఫ్యాక్టరీల నుంచి రసాయనాల డ్రమ్ములు తెచ్చి తన వాకిట్లో కడిగి అమ్ముతాడు. ఆ ఘాటుకు కళ్లు మండుతాయి. రాధమ్మ కుట్టిన జాకెట్లకు కూడా వాసన పడుతోందని ఆడవాళ్లు ముఖం చిట్లిస్తారు. అయినా ఆమె ఏనాడూ నోరు విప్పలేదు. అహరోను కంపెనీ మూతపడి ఉద్యోగం పోయిన మనిషి. ఆమె భర్త మొగులయ్యకు జ్వరం ముదిరితే బండెక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోయింది అతడే. అలాంటివాణ్ని ఏమంటాం? మీరైనా నేనైనా ఊరుకునేవాళ్లమే.

ఒకరోజు తనిఖీకి అధికారి వచ్చాడు. ఇళ్ల మధ్య ఈ పని కుదరదనీ, పారిశ్రామికవాడలో షెడ్డు తీసుకోవాలనీ చెప్పాడు.

"షెడ్డు కిరాయి కట్టే తాకత్ లేదు సార్. జెర పొట్ట మీద కొట్టకుండ్రి," అన్నాడు అహరోను చేతులు కట్టుకొని.

అధికారి రాధమ్మ వైపు తిరిగాడు. "మీకేమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?"

రాధమ్మ తన ఇంటి వైపు చూసింది. తన ఇంట్లోనూ రెండు కుట్టు మిషన్లున్నాయి. ఇవాళ ఇతని పని ఆపినవాళ్లు రేపు తన గడప తొక్కరా?

"ఏం లేదు సార్. వాసన గిట్ల ఏం రాదు," అంది.

గల్లీ అంతా తలూపింది. ఫిర్యాదు లేకపోతే అధికారికీ శ్రమ తప్పినట్టే. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అహరోను భార్య సౌభాగ్యమ్మ గిన్నెడు సేమియా పాయసం తెచ్చింది. "నీ మాటతోనే నిలబడ్డం వదినా," అంది. రాధమ్మకు కడుపు నిండింది.

ఆ నెల తిరక్కముందే నీళ్ల తొట్టి కోసం ఒక డ్రమ్ము పైభాగం కోసిమ్మని ఎవరో అడిగారు. కడిగిన డ్రమ్మే కదా అని అహరోను కోత మిషన్ పెట్టాడు. కడిగినా లోపల మండే రసాయనపు ఆవిరి మిగిలే ఉంది. నిప్పురవ్వ తగిలింది. చప్పుడు విని రాధమ్మ పరుగెత్తుకొచ్చేసరికి వాకిలి గోడ లేదు. అహరోను కూడా లేడు.

సమాధి అయ్యాక అధికారి మళ్లీ వచ్చాడు. వాసన వచ్చేదా అని అడిగితే, మాకేం ఎరుక లేదన్నారు గల్లీవాళ్లు.

"ఎరుకే సార్," అంది రాధమ్మ. "కండ్లు మండేటివి. నా మిషన్లు గూడ బంద్ చేస్తరని అబద్ధమాడిన."

అధికారి తల వంచుకున్నాడు. "ఎవరికీ హాని లేని కుట్టుపని ఇంట్లో చేసుకోవచ్చమ్మా. ఆ తేడా నేనే ఆ రోజు విడమరిచి చెప్పాల్సింది."

సౌభాగ్యమ్మ రాధమ్మ వైపు తిరిగింది. "గా దినం నిజం చెప్తే నిన్ను తిట్టుకుంటుంటిమి వదినా. కొన్ని దినాలు మాట్లాడకపోతుంటిమి. గంతే గదా. ఆయన ఉండేటోడు."

ఇళ్ల మధ్య ఏ పని చేయకూడదో చెప్పే నియమం మన పొరుగువాడి ప్రాణం కోసం కూడా పుట్టిందని, మొహమాటానికి దాన్ని తప్పిస్తే అతనికి మనం చేసేది ఉపకారం కాదని రాధమ్మకు తెలిసింది, తెలియాల్సిన వేళ దాటాక.