కారణం: వాడకం

కారు మా ఆయనది, కడగడం నాది. ఆదివారం పొద్దున్నే బకెట్టు, పాత బనియను ముక్క, బ్రష్షు పట్టుకుని నేను కిందికి దిగుతాను. ఆయన బాల్కనీలో కాఫీ తాగుతూ "కుడివైపు తలుపు కింద మట్టి అలాగే ఉంది చూడు" అని పర్యవేక్షిస్తారు. నిజం చెప్పొద్దూ, నాకా పని ఇష్టమే. వారం మొత్తంలో ఆ గంటన్నరా నన్నెవరూ దేనికీ పిలవరు. కూనిరాగం తీసుకుంటూ, అద్దాలు తుడుచుకుంటూ హాయిగా ఉంటాను.

ఆ ఆదివారం పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి దులుపుదామని వెనక సీటు పైకెత్తి, కార్పెట్ ఊడదీశాను. సీటు బెల్టు బోల్టు చుట్టూ అడుగు రేకు పగిలి ఉంది, జానెడు పొడవున. వేలు పెడితే కింది నుంచి గాలి తగిలింది. పైకి కేకేసి ఆయనకి చెప్పాను.

"స్పీడ్ బ్రేకర్లు చూసుకుని నడిపితేగా నువ్వు," అన్నారాయన కప్పు దించకుండానే.

అత్తయ్యగారు మెల్లగా దిగి వచ్చి, వంగి చూసి, "నేను కూర్చునే వైపేనా?" అని అడిగారు.

ఆవిడ కూర్చునే వైపే. వారానికి రెండుసార్లు ఆవిడని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళేది నేను. పిల్లల్ని దింపేది నేను, ఆయన స్నేహితుల్ని స్టేషన్ నుంచి తెచ్చేది నేను. నడిపేదంతా నేనే గనక పాడుచేసిందీ నేనేనని ఇంట్లో తీర్పు అయిపోయింది. భోజనాల దగ్గర ఆయన మిగతాది కూడా తేల్చేశారు. "మన కారు కొంటానన్న టీచరుగారు శనివారం బండి చూడ్డానికొస్తున్నారు. కార్పెట్ మళ్ళీ అంటించెయ్. అడిగితేగా చెప్పడానికి." ఆ టీచరుకి ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళు కూర్చునేదీ వెనకే కదా అనుకున్నాను.

నేను పనిచేసేది ఆ కారు తయారుచేసిన కంపెనీ సర్వీస్ సెంటర్లోనే. ముందు కౌంటర్లో కూర్చుని జాబ్ కార్డులు రాస్తాను. కార్డులో రెండు గడులుంటాయి, కస్టమరు ఏం చెప్పారన్నది ఒకటి, కారణం ఏమిటన్నది ఒకటి. పదేళ్ళు దాటిన బండైతే రెండో గడికి ఆలోచించే పనిలేదు, 'వాడకం' అని రాసెయ్యడమే. చేరిన వారంలోనే సూపర్‌వైజరు నేర్పాడు. "పాత బండికొచ్చే ప్రతి రోగం ఓనరుదేనమ్మా. కంపెనీ పూచీ కొత్తలోనే." పద్నాలుగేళ్ళుగా ముత్యాల్లాంటి అక్షరాలతో వాడకం, వాడకం అని రాస్తూనే ఉన్నాను. నా నడుంనొప్పికి డాక్టరు కూడా చీటీ మీద ఒక్క ముక్కలో 'వయసు' అని రాశాడు. నీళ్ళు రాని ఇంట్లో ఏళ్ళ తరబడి రెండేసి బకెట్లు మేడమీదికి మోసిన సంగతి అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం కారుని తీసుకెళ్ళి లిఫ్ట్ ఎక్కించాను. వెల్డింగ్ పనిచేసే పెద్దాయన్ని అక్కడ అందరం బాబాయి అంటాం.

"ఎవరమ్మా నడిపేది?"

"నేనే బాబాయ్. నేను నడపడం వల్లే పగిలిందంట."

బాబాయి నవ్వి టార్చి వేశాడు. అడుగు రేకునీ చట్రాన్నీ కలిపే వెల్డింగ్ చుక్కలు ఎడమవైపు ఆరున్నాయి. రేకు పగిలిన కుడివైపు నాలుగే. మిగతా రెండు ఉండాల్సిన చోట రేకు నున్నగా ఉంది, నిప్పు తగిలిన మచ్చ కూడా లేదు.

"నడిపితే అరుగుతుంది, సొట్టలు పడతాయి. చుక్కలెక్కడికి పోతాయి తల్లీ? ఫ్యాక్టరీలో అసలు వెయ్యనే లేదు. ఈ మోడల్‌వి చాలా వచ్చాయి. ప్లేటు అతికించి, రంగు కొట్టి, పైన కార్పెట్ కప్పేస్తున్నాను."

"మరి చెప్పలేదేం?"

"సూపర్‌వైజరుకి చెప్పాను. కార్డులో ఏం రాశారో నువ్వే చూసుకో."

భోజనం మానేసి పాత కార్డుల గదిలో కూర్చున్నాను. అదే మోడల్, అదే ఏడాది తయారీ, వెనక సీటు కింద చప్పుడు. ముప్ఫై నాలుగు కార్డులు దొరికాయి. అన్నిట్లోనూ నా అక్షరాలే. మొదటి గడిలో 'మా ఆవిడ నడుపుతుంది' అని భర్తలు చెప్పిన మాట కూడా పందొమ్మిది కార్డుల్లో శ్రద్ధగా ఎక్కించాను. మా ఇంట్లో నన్ను అన్నమాటే నేను కౌంటర్లో కూర్చుని అంతమంది ఆడవాళ్ళకి రాసిచ్చాను.

"వాహన భద్రత ఆఫీసుకి రాయొచ్చు," అన్నాడు బాబాయి. "కానీ ఓనరు సంతకం ఉండాలి. మాలాంటోళ్ళు రాస్తే చెత్తబుట్టకే."

మా ఆయన ఒప్పుకోలేదు. "అన్నం పెట్టే కంపెనీ మీద రాస్తావా? ఉద్యోగం ఊడుతుంది, కారూ అమ్ముడుపోదు. నేను చచ్చినా సంతకం పెట్టను."

మర్నాడు పొద్దున దరఖాస్తులో బండి నంబరు నింపడానికి డాష్‌బోర్డులోంచి రిజిస్ట్రేషన్ కాయితం తీశాను. యజమాని అన్నచోట నా పేరుంది. స్టాఫుకిచ్చే రాయితీ మీద కొన్నాం కదా, నా పేరే రాయించారు. పన్నెండేళ్ళు "నా కారు, నా కారు" అని ఆయన అనగా వినీ వినీ నేనే మర్చిపోయాను. ఒక్కదాన్నే కార్లో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాను. బానెట్ మీదే కాయితం పెట్టి సంతకం చేసి పంపించేశాను. టీచరుగారికి ఫోన్ చేసి, బండి అమ్మడం లేదని, ఎందుకో కూడా చెప్పాను.

మా ఆయన వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగారు. కోపంతో కాఫీ ఆయనే కలుపుకున్నారు, నా మటుకు నాకు అదొక సుఖం. అత్తయ్యగారు మాత్రం కొడుకు వినేలా "ఆ సీట్లో కూర్చునేది నేనా, వాడా?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదలు.

వాహన భద్రత ఆఫీసు వాళ్ళొచ్చి నా కారు కింద దూరి ఫొటోలు తీసుకున్నారు. అడక్కముందే ముప్ఫై నాలుగు కార్డులూ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఉద్యోగం ఊడలేదు గానీ సూపర్‌వైజరు నాతో మాట్లాడటం మానేశాడు. నాలుగు నెలలకి కంపెనీ దిగొచ్చింది. ఆ ఏడాది తయారైన కార్లన్నిటినీ ఉచితంగా బాగుచేసి ఇస్తామని ప్రకటించింది. ప్రకటన రెండుసార్లు చదివాను, లోపం అన్న మాట ఎక్కడా లేదు.

కస్టమర్లకి ఫోన్లు చేసే పని నాకే పడింది. సూపర్‌వైజరు పక్కన నిలబడి చెప్పాల్సింది కాయితం మీద రాసిచ్చాడు. "ఉచిత తనిఖీ అని పిలవండి. కారణం అడిగితే తెలీదనండి."

మొదటి నంబరుకి ఒకావిడ ఎత్తింది. తనిఖీ సంగతి చెప్పాను.

"అదా, నేను నడపడం వల్లే పాడైందండీ. మీ కార్డులో రాసిచ్చారుగా. ఏడాదిన్నరైంది, మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. మా ఆయన్ని పిలవమంటారా?"

సూపర్‌వైజరు కాయితం మీద వేలితో తడుతున్నాడు. ఆ కాయితాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

"వద్దండీ, మీతోనే మాట్లాడాలి. ఆ కార్డు రాసింది నేనే. తప్పు మీది కాదు, మాది."